ఎడమ రెక్క

మస్కట్ శివారు ఘుబ్రాలో సముద్రం వైపు పోయే ఇసుక దారి పక్కన, ప్రేమచంద్ అద్దెకున్న ఇంట్లో విమానం ప్రాణం పోసుకుంటోందన్న సంగతి ఆ వీధి మేకలకు కూడా తెలుసు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన చెక్కపెట్టెలు ఆ గడప దాటి ఏడాది కావస్తోంది. చెక్కలూ, మేకులూ, చక్రాలూ, కొలతల పుస్తకమూ అన్నీ ఇచ్చి "ఇక మీరే కలుపుకోండి" అని అమ్మే రకం విమానం అది. ఆ రోజు నుంచి కృపాబాయికి ఇంట్లో చోటు కరువైంది. భోజనాల బల్ల పోయి ఆ స్థానంలోకి తోక వచ్చింది. హాలు మధ్యలో మొండెం పడుకుంది. మంచం కింద చక్రాలు చేరాయి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. కృపాబాయి ఆసుపత్రిలో నర్సు. పగలంతా రోగుల మంచాల మధ్య సందుల్లో తిరిగి వచ్చి, సాయంత్రం విమానం ముక్కల మధ్య సందుల్లో తిరిగేది.

ప్రేమచంద్ సీబ్ విమానాశ్రయంలో చిన్న విమానాల షెడ్డులో ఫిట్టరు. పొద్దస్తమానం పరాయివాళ్ల విమానాలకు బోల్టులు బిగించి, ఇంటికొచ్చి సొంత విమానానికి బిగించుకునేవాడు. ఆ సంబరం అతని ముఖంలో దాచినా దాగేది కాదు. భార్యను ఎప్పుడైనా పేరు పెట్టి పిలవడం మరిచిపోయేవాడేమో గాని, రెక్కలకు పొద్దునా సాయంత్రమూ పలకరింపు తప్పేది కాదు.

ఆ రెక్కలు రెండూ వాకిట్లో రేకుల పందిరి కింద ఉండేవి. వాటి దగ్గర ప్రతి శుక్రవారం ప్రేమచంద్‌తో పాటు ఇస్తారి కూడా కనిపించేవాడు. ఇస్తారిది జగిత్యాల దగ్గర పల్లె. రూవీలో లేస్తున్న మేడలకు సెంట్రింగు కొట్టే వడ్రంగి. ఎప్పుడో కృపాబాయి వంటింటి తలుపు సరిచేయడానికి వచ్చి, వాకిట్లో రెక్కను చూసి, తలుపు సంగతి మరిచిపోయాడు. ఆ తలుపు ఇప్పటికీ సరిగా పడదు.

ఆ శుక్రవారం తెల్లవారుతూనే ఇద్దరూ పనిలోకి దిగారు. ఎండెక్కితే జిగురు మాట వినదు. ఒక చెక్కకు తేనెలాంటి జిగురు, రెండో చెక్కకు పుల్లటి వాసన కొట్టే నీళ్లు రాయాలి. రెండూ ఒకదాన్నొకటి తాకాయంటే ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే తాకించే ముందు ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్లు.

"సార్, గీ బొక్కను జెర మీదికి వట్టుండ్రి," అన్నాడు ఇస్తారి.

బాపట్లలో పుట్టిన ప్రేమచంద్‌కు బొక్క అంటే చిల్లు. జగిత్యాల ఇస్తారికి బొక్క అంటే ఎముక. మొదటి నెలలో ఒకరోజు ఇస్తారి "రెక్కల బొక్కలు మంచిగున్నయి సార్" అని మెచ్చుకుంటే, ప్రేమచంద్ బ్యాటరీ లైటు తెచ్చుకుని సాయంత్రం దాకా చిల్లుల కోసం వెతికాడు. ఆ తరువాత నవ్వుకుని, ఆ మాటనే ఖాయం చేసుకున్నారు. రెక్కకు అడ్డంగా వరసగా వచ్చే సన్నటి చెక్కలు బొక్కలు. పొడవునా పోయి బరువంతా మోసే కర్ర దూలం. పుస్తకంలో వాటికున్న ఇంగ్లీషు పేర్లు ఆ ఇంట్లో ఎవరి నోటా వినపడేవి కావు.

కృపాబాయి రెండు పళ్లాల్లో ఉప్మా తెచ్చి, పెట్టడానికి చోటు లేక చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.

"ఇస్తారీ, వారానికి ఒక్క రోజు సెలవు. రూంలో హాయిగా పడుకోక ఈయనతో పాటు నీకెందుకయ్యా ఈ తిప్పలు?"

"రూంల పంటే ఏమస్తదక్కా," అన్నాడు ఇస్తారి, చెక్క మీంచి చూపు తిప్పకుండానే. "మా సైట్ల ఏం జేత్తం చెప్పు. పలకలు కొడ్తం, సిమెంటు పోత్తరు, అది ఆరంగనే మేం కొట్టినయన్ని ఊడవీకి పారేత్తరు. ఈ దేశమచ్చినకాంచి నేను జేసింది ఒక్కటన్న నిలవడ్డదా. గిదొక్కటే ఉంటది."

"ఎగురుతుందంటావా?"

"ఎగుర్తదో లేదో దేవునికెరుక. ఉంటది గద."

ప్రేమచంద్‌కు ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఎగరకపోవడమేమిటి. కాని ఆ రోజు అతనికి ఎవరి మీదా కోపం వచ్చే వీలు లేదు. ఆఖరి బొక్క అతుక్కుంది. ఎడమ రెక్క పూర్తయింది. కుడిది అంతకు ముందే అయిపోయింది. ఇక డల్టన్ రావడమే తరువాయి.

రెక్కలకు బట్ట తొడిగేస్తే లోపలి చెక్కపని కనిపించదు. అందుకని తొడగక ముందే అధికారమున్న ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి. మస్కట్ మొత్తానికి ఆ అధికారం ఉన్నవాడు డల్టన్ ఒక్కడు. ఆయన వచ్చే శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు. ఆ ఆదివారమే మూటాముల్లె సర్దుకుని ఇంగ్లండు వెళ్లిపోతున్నాడు. మళ్లీ రాడు. ఆయన స్థానంలో ఎవరొస్తారో, అసలు వస్తారో రారో ఎవరికీ తెలియదు.

"ఆ శుక్రవారం సంతకం పడకపోతే?" అంది కృపాబాయి.

"ఈ రెక్కలతో మేకలకు పందిరి వేసుకోవచ్చు," అన్నాడు ప్రేమచంద్. నవ్వుతూనే అన్నాడు గాని ఉప్మా పళ్లెం అందుకోలేదు.

*

బుధవారం నాడు షెడ్డులో ఫోను మోగింది. ప్రేమచంద్ చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ అందుకున్నాడు.

"సార్, నేను పోచన్నను. ఇస్తారి దోస్తును. మీ ఇంటికాడి బకాలా దుకునం కెల్లి జేత్తన్న."

పోచన్న ఇస్తారి రూంలోనే ఉంటాడు. సైట్‌కు సిమెంటు రాలేదని కంపెనీ ఛుట్టీ ఇస్తే ఇద్దరూ కలిసి రెక్కను నునుపు చేయడానికి వచ్చారు. తాళం పొద్దున్న ప్రేమచందే ఇచ్చి వెళ్లాడు.

"చెప్పు పోచన్నా."

"రెక్క బొక్క ఇరిగింది సార్."

ప్రేమచంద్ పక్కనున్న డ్రమ్ము మీద కూలబడ్డాడు.

"ఏ రెక్క?"

"ఎడమది సార్. గాలి లేసింది, అండ్ల వడ్డది."

"ఎన్ని విరిగాయి?"

"ఎన్నేంది సార్, ఒక్కటే. ఒక్కటి సాలదా?"

"దూలం ఎలా ఉంది? దూలం బాగుందా?"

"దూలమేంది సార్?" పోచన్న గొంతులో విసుగు వినిపించింది. "మీరు జల్ది రాండ్రి. ఈ సేటు ఫోను గుంజుకుంటుండు."

ఫోను తెగిపోయింది.

షెడ్డు పికప్పు నడిపే ఫక్రుద్దీన్ హైదరాబాదువాడు. ప్రేమచంద్ ముఖం చూసి ఏమీ అడగకుండా బండి తీశాడు. సీబ్ నుంచి ఘుబ్రా దాకా దారి పొడుగునా ప్రేమచంద్ దేవుడితో బేరమాడుతూనే ఉన్నాడు. ఒక్క బొక్కే అయితే ఈ పూటే కొత్తది కోసి అతికించుకుంటాను ప్రభువా, శుక్రవారానికి ఆరిపోతుంది. దూలం మాత్రం కాపాడు. దూలం పోతే నేను పోయినట్టే. ఇక ముందు కృప మీద విసుక్కోను. ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా పోను. వంటింటి తలుపు నేనే సరిచేస్తాను.

"ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలిందా సాబ్?" అన్నాడు ఫక్రుద్దీన్ ఉండబట్టలేక.

"రెక్క," అన్నాడు ప్రేమచంద్. అంతకన్నా వివరించే ఓపిక అతనికి లేదు.

గేటు తెరిచే ఉంది. పందిరి కింద ఒక స్టాండు పక్కకు ఒరిగి పడి ఉంది. రెక్క మీద కప్పే టార్పాలిన్ ఎగిరి గోడకు చిక్కుకుంది. రెక్కను ఎవరో జాగ్రత్తగా రెండు ఇసుక బస్తాల మీద పడుకోబెట్టారు. ప్రేమచంద్ దాని పక్కన మోకాళ్ల మీద కూలబడి, ఒక కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బొక్కనూ వేళ్లతో తడిమాడు. కింద చెయ్యి పెట్టి చూశాడు. పైన చెంప ఆనించి, ఒక కన్ను మూసి, దూలం తిన్నగా ఉందో లేదో చూశాడు. తిన్నగానే ఉంది. ఒక్క బొక్కా విరగలేదు. ఇంకోసారి, ఈసారి అవతలి కొస నుంచి తడిమాడు. ఏమీ కాలేదు.

"దేవుడికి స్తోత్రం," అన్నాడు వీధి దాకా వినపడేలా. వంగి దూలాన్ని ముద్దు పెట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ పోచన్న భుజం మీద చరిచి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పెద్దగా నవ్వాడు. "నా ప్రాణాలు తోడేశావు కదయ్యా పోచన్నా. రెక్కకేం కాలేదు. చూడు, రెక్క నిక్షేపంగా ఉంది."

పోచన్న అతన్ని మతి చెడిన మనిషిని చూసినట్టు చూశాడు.

"అవ్ సార్," అని గోడ వైపు నుంచి మాట వచ్చింది. "దానికేం గాలే."

ఇస్తారి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి అటొక చెక్కా ఇటొక చెక్కా పెట్టి, తువ్వాలుతో బిగించి కట్టి ఉంది. ఆ చెక్కలు రెక్క కోసం కోసి పెట్టుకున్నవే. ముఖంలో రక్తం లేదు. నుదుటి మీది చెమట కంట్లోకి దిగుతుంటే తల విదిలించుకుంటున్నాడు.

"టర్పాలు గాలికి లేసింది సార్. రెక్క బోర్ల వడ్తాంటె నేను చెయ్యడ్డం వెట్టిన. రాయి మీద వడుతుండె లేకుంటె."

నోట్లో మిగిలి ఉన్న నవ్వును ఏం చేసుకోవాలో ప్రేమచంద్‌కు తెలియలేదు. పోచన్న ఫోనులో చెప్పింది మనిషి రెక్క గురించి, మనిషి బొక్క గురించి. ఆ మాటకు ఆ అర్థం ఉందని తనకు తెలియక కాదు. చిన్నప్పుడు బడి ఎగ్గొడితే తల్లి రెక్క పట్టుకునే ఈడ్చుకొచ్చేది. ఏడాదిగా ఆ ఇంట్లో రెక్క అంటే ఒక్కటే అర్థం మిగిలిపోయింది, అంతే. కాని అదొక సంజాయిషీ కాదని అతనికే తెలుసు. ఫోనులో అన్ని ప్రశ్నలు వేసినవాడు, మీరిద్దరూ ఎలా ఉన్నారని ఒక్కమాట అడగలేదు. గేటులోంచి వచ్చి గోడ పక్క మనిషిని దాటుకుని చెక్కను తడిమాడు, ముద్దు పెట్టుకున్నాడు, స్తోత్రం చెప్పాడు. అదంతా ఇస్తారి చూస్తూ కూర్చున్నాడు. ప్రేమచంద్‌కు అంత సిగ్గు జన్మలో ఎప్పుడూ వేయలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు. అడిగాక ఆ ప్రశ్న కూడా సిగ్గుగానే అనిపించింది.

"ఉంటది గద సార్," అన్నాడు ఇస్తారి మామూలుగా.

*

ఆసుపత్రిలో కృపాబాయి డ్యూటీలోనే ఉంది. ఇస్తారిని కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు విప్పి, వేళ్లు కదపమని, చల్లబడ్డాయేమో పట్టుకుని చూసి, తానే ఎక్స్‌రే గదికి తోసుకుపోయింది. ఆ కాసేపట్లో వరండాలో నిలబడ్డ పోచన్న జరిగిందంతా ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పేశాడు. వాడి మనసులో కల్మషం లేదు. సార్ ఎట్ల మురిసిండో చెప్పాలని చెప్పాడు.

డాక్టరు మోచేతికి పైనుంచి మణికట్టు దాకా సిమెంటు కట్టు వేశాడు. ప్రేమచంద్ గుమ్మం బయట నిలబడి ఉంటే కృపాబాయి ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని వచ్చింది. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది.

"ఇదిగో ఇక్కడ. వెంట్రుకంత గీత కనపడుతుందా?"

"ఇంతేనా?"

"ఇంతే. పైన చూస్తే వాపు తప్ప ఏమీ లేదు. చెయ్యి తిన్నగానే ఉంది. బాగానే ఉందిలే అని రేపు సుత్తి పట్టుకుని ఉంటే రెండు ముక్కలయ్యేది." ఫిల్ము దించి మొగుడి ముఖంలోకి చూసింది. "పైపైన తడిమి ఏం కాలేదనడం తేలికేనండీ. స్తోత్రం కూడా చెప్పారంట."

ప్రేమచంద్ నేల చూపులు చూశాడు. పెళ్లయ్యాక ఆమె అతన్ని చాలాసార్లు కేకలేసింది. ఇప్పుడు గొంతు కూడా పెంచలేదు. కేకలేసినా బాగుండేదనిపించింది.

"కట్టు విప్పేదాకా మనింట్లోనే ఉంటాడు," అంది ఆమె. "క్యాంపులో వాడిది పై మంచం. ఒంటి చేత్తో ఎలా ఎక్కుతాడు. కంపెనీకి డాక్టరు గారు కబురు పంపించారు, నయమయ్యాకే పనిలోకి రమ్మన్నారు వాళ్లు."

"మనింట్లో చోటెక్కడుంది?"

ఆ మాట నోరు జారగానే ప్రేమచంద్ నాలిక కరుచుకున్నాడు. సాయంత్రానికల్లా హాల్లోంచి విమానం మొండెం వాకిట్లోకి వచ్చింది. దాని స్థానంలో ఇస్తారి పరుపు పడింది.

*

గురువారం ప్రేమచంద్ సెలవు పెట్టాడు. డల్టన్ రేపు వస్తాడు, స్టాండు బాగుచేయాలి, వాకిలి ఊడ్చాలి. అన్నీ చేశాడు. కాని రెక్క దగ్గరికి వెళ్లినప్పుడల్లా కిటికీ వెలుగులో చూసిన ఆ గీత కళ్ల ముందు ఆడింది. పైన చూస్తే ఏమీ లేదు. చెయ్యి తిన్నగానే ఉంది.

చివరికి జేబులోంచి చిల్లర బైసా బిళ్ల తీశాడు. దూలం ఒక కొసన మొదలుపెట్టి, బిళ్ల అంచుతో మెల్లగా కొడుతూ చెవి పెట్టి వింటూ జరిగాడు. మంచి చెక్క గట్టిగా పలుకుతుంది. షెడ్డులో ఎన్నో రెక్కలను అలా పలికించినవాడు. ఇస్తారి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. టక్, టక్, టక్. మధ్యకు వచ్చేసరికి ఒకచోట ఆ పలుకు బొంగురుపోయింది. ప్రేమచంద్ ఆగాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ బొంగురే.

సన్నటి ఉలితో అక్కడ దూలాన్ని కప్పి ఉన్న పలచని చెక్క పలకను విప్పదీశాడు. లోపల దూలంలో, అడుగు వైపు, వెంట్రుకంత గీత. నిన్న ఇస్తారి చెయ్యి రెక్కను ఆపిన చోటు సరిగ్గా అదే. మనిషి చెయ్యీ చెక్కా ఒకే దెబ్బకు ఒకే రకంగా విరిగాయి. పోచన్న ఫోనులో చెప్పిన ఎడమ రెక్క మాట రెండు విధాలా నిజమే అయింది.

ఇస్తారి లేచి వచ్చి వంగి చూశాడు. చూపుడువేలితో గీత పొడవునా తడిమాడు.

"మూసెయ్యిండ్రి సార్," అన్నాడు ఆఖరికి.

"ఏమన్నావు?"

"జెర జిగురు వోసి గా పలక అతికియ్యిండ్రి. దొరకేం కనవడదు. వెంట్రుకంత గద."

"ఇస్తారీ, ఇది దూలమయ్యా."

"అయితేంది? నేను నా చెయ్యి అడ్డం వెట్టిన సార్. అది వోతె నాకెందుకు అనుకుంటె రెండు చేతులు మంచిగనే ఉంటుండె." వాడు కట్టు చెయ్యి ఎత్తి చూపించాడు. "రేపు గాయిన సంతకం వెట్టకుండ వోతె, నా చెయ్యి ఉత్తగనే ఇరిగినట్టు గాదా? గిది గూడ ఊడవీకుడేనా?"

ప్రేమచంద్ ఉలి కింద పెట్టాడు. మూసేస్తే ఇస్తారి చేసిన దానికి విలువ దక్కుతుంది. తన కోరికా తీరుతుంది. ఇద్దరికీ మేలు జరిగే ఆ పని ఎందుకు చేయకూడదో ఒక క్షణం తనకే తట్టలేదు. చేతిలోని పలచని చెక్కను పెట్టి చూశాడు కూడా. బాగా అమరింది. కింద దెబ్బ ఉందని ఎవరూ అనుకోరు.

చెక్కను మళ్లీ తీసి పక్కన పెట్టాడు.

"నీ చేతిలోదీ వెంట్రుకంతేగా. అంత కట్టు ఎందుకు కట్టారు?"

"అది మనిషి బొక్క సార్."

"ఇది ఎక్కేదీ మనుషులే."

ఇస్తారి హాల్లోకి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం కృపాబాయి వంజరం పులుసు పెడితే, ఆకలి లేదక్కా అన్నాడు. ఆ ఇంట్లో వాడు చేపల పులుసు వద్దనడం అదే మొదటిసారి. ఆమె పళ్లెం పక్కన పెట్టి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సాయంత్రం ఆ పులుసు ఆమే వేడి చేసి ముద్దలు కలిపి నోటికందిస్తే, పసిపిల్లాడిలా అలిగిన ముఖంతోనే తిన్నాడు.

*

డల్టన్ శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. ఎండకు ఎర్రబడ్డ ముఖం, ఖాకీ నిక్కరు, మెడలో వేలాడే భూతద్దం. మొండెం చూశాడు, సంతకం పెట్టాడు. కుడి రెక్క చూశాడు. ఒక్కొక్క అతుకూ భూతద్దంతో చూసి, పెదవి విరిచి తల ఊపాడు. పెదవి విరవడం ఆయన మెచ్చుకోలని షెడ్డులో అందరికీ తెలుసు. దానికీ సంతకం పెట్టాడు. కలం మూత పెట్టకుండానే ఎడమ రెక్క వైపు తిరిగాడు.

"ఇదీ అంతే బాగుందే," అన్నాడు.

ప్రేమచంద్ ఆ తెరిచిన కలం వైపే చూశాడు. ఈ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే చాలు. గుమ్మం దగ్గర ఇస్తారి నిలబడి ఉన్నాడు. కాని వాడు తన వైపు చూడటం లేదు, మేకల వైపు చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు ప్రేమచంద్. అతికించకుండా ఆనించి ఉంచిన పలక తీసి, గీత చూపించాడు. గాలి లేచిన సంగతీ, ఇస్తారి చెయ్యి అడ్డం పెట్టిన సంగతీ చెప్పాడు.

డల్టన్ వంగి చాలాసేపు చూశాడు. లేచి కలానికి మూత పెట్టాడు. ఆ మూత పడిన చప్పుడు చిన్నదే గాని ప్రేమచంద్‌కు బాగానే వినిపించింది.

డల్టన్ గడ్డం గోక్కుంటూ వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. తరువాత చెప్పాడు. దెబ్బ తిన్న మేర దూలాన్ని ఏటవాలుగా కోసేసి కొత్త కర్ర అతికించాలి. చేతనైనవాడు కూర్చుంటే వారం పని. తాను ఆదివారం బదులు పై ఆదివారం బయలుదేరతాడు, ఇంగ్లండు ఎక్కడికీ పారిపోదు. తనకు తెలిసిన మంచి వడ్రంగి మత్రాలో ఉన్నాడు, పడవలు చేసేవాడు. రేపే పంపిస్తాడు. వచ్చే శుక్రవారం వచ్చి సంతకం పెట్టి వెళతాడు.

ప్రేమచంద్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. దేవుడికి స్తోత్రం నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు ఇస్తారి దగ్గరికి వచ్చాడు.

"ఏమంటుండు సార్?"

ప్రేమచంద్ అంతా చెప్పాడు. మత్రా వడ్రంగి సంగతి దగ్గర మాత్రం కొంచెం తడబడ్డాడు.

ఇస్తారి తల ఊపాడు. "మంచిదే గద సార్. పంపియ్యమనుండ్రి." కాలి బొటనవేలితో ఇసుకలో ఏదో గీశాడు. "మంచి పనోడైతే సాలు. ఆ బొక్కలల్ల నా గుర్తులున్నయి, అయి చెరపద్దని చెప్పుండ్రి."

అలక లేదు ఆ గొంతులో. సైట్‌లో పలకలు ఊడదీస్తుంటే పక్కన నిలబడి చూసే మనిషి గొంతు అది. బుధవారం గోడ పక్కన కూర్చున్నప్పుడు కూడా వాడు అంత ఒంటరిగా కనిపించలేదు. ప్రేమచంద్ వాడి కట్టు చూశాడు, రెక్క చూశాడు, మళ్లీ కట్టు చూశాడు.

"సార్," అన్నాడు డల్టన్‌తో. "వడ్రంగి అక్కర్లేదు. నాకు వడ్రంగి ఉన్నాడు. ఇతనే."

డల్టన్ ఇస్తారిని పైనుంచి కిందికి చూశాడు. "ఇతనికి ఒక చెయ్యే ఉందిగా."

"నాకు రెండున్నాయి. వెరసి మూడు."

"వారంలో మూడు చేతులతో కాకపోతే? నేను ఇంకోసారి ఆగలేను ప్రేమచంద్."

"కాకపోతే కాదు సార్," అన్నాడు ప్రేమచంద్. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. రెండు రోజుల కింద దూలం పోతే తాను పోయినట్టేనని ఏడ్చిన మనిషి అతనే.

డల్టన్ కృపాబాయి వైపు చూశాడు, ఈ ఇంట్లో బుద్ధి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆమేనన్నట్టు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. ఇస్తారి కూర్చునే పని చేయాలి, బరువు ఎత్తకూడదు, తాను ఆపమన్నప్పుడు ఆపాలి, వేళ్లు వాస్తే పని బంద్. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. డల్టన్ పెదవి విరిచాడు. శుక్రవారం పొద్దున్న వస్తానని చెప్పి, గేటు దగ్గర మేకను తప్పించుకుంటూ వెళ్లిపోయాడు.

ఏం జరిగిందో ఇస్తారికి అప్పటిదాకా సరిగా అర్థం కాలేదు. కృపాబాయి విడమరిచి చెబితే నోరు తెరిచాడు.

"పిచ్చి లేసిందా సార్ మీకు? మత్రాల గంత మంచి పనోడుంటె నాతోటి ఎందుకు? కాకపోతే ఏం జేత్తరు?"

"మేకలు ఎదురుచూస్తున్నాయిగా," అన్నాడు ప్రేమచంద్.

ఇస్తారి ఆపుకోలేక నవ్వాడు. నవ్వుతుంటే చెయ్యి కదిలి నొప్పి పుట్టి, "అబ్బా" అంటూనే మళ్లీ నవ్వాడు.

ఎండ ఇంకా పందిరి కిందికి దిగలేదు. ఆగడమెందుకని అప్పుడే మొదలుపెట్టారు. ప్రేమచంద్ పుస్తకం తెరిచి ఏటవాలు ఎంత ఉండాలో చూశాడు. ఇస్తారి స్టూలు మీద కూర్చుని, పెన్సిలు చెవి మీంచి తీసి కుడి చేత్తో గీత గీశాడు. గీత కదలకుండా ప్రేమచంద్ బద్ద పట్టుకున్నాడు. ఏడాదిగా వాడు పట్టుకుంటే తాను గీసేవాడు. ఇప్పుడు తాను పట్టుకుంటుంటే వాడు గీస్తున్నాడు. ఒకసారి బద్ద జారితే "సార్, జెర మనసు వెట్టి వట్టుండ్రి" అని గదమాయించాడు కూడా.

కోత మొదలుపెట్టే వేళకు ఇస్తారి ముఖం కొంచెం వడిలింది. సిమెంటు కట్టు బరువుకు మెడలోని గుడ్డ లాగేస్తోంది. వాడు పైకి చెప్పలేదు గాని, భుజాన్ని అటూ ఇటూ సర్దుకుంటున్నాడు. ప్రేమచంద్ గమనించాడు. లేచి వెళ్లి కుడి రెక్క ఉన్న స్టాండును జరిపి జరిపి ఇస్తారి పక్కకు, మోచెయ్యి ఆనేంత దగ్గరికి తెచ్చాడు. పైన గుడ్డ ముక్క ఒకటి మడిచి వేశాడు.

"చెయ్యి దీని మీద పెట్టుకో."

ఇస్తారి స్టూలుతో సహా వెనక్కి జరిగాడు. "దీని మీదనా? వద్దు సార్. గిప్పుడే గాయిన సంతకం వెట్టిండు. సిమెంటు కట్టు మస్తు బరువున్నది. ఏమన్నైతే?"

"నీ చెయ్యి మొయ్యలేకపోతే అది ఇంకెవర్ని మోస్తుందయ్యా."

ఇస్తారి అతని ముఖంలోకి చూశాడు. తరువాత కట్టు చెయ్యిని మెల్లగా రెక్క మీద ఆనించి, బరువంతా దానికి వదిలి, కుడి చెయ్యి రంపం కోసం చాపాడు. ప్రేమచంద్ అందించాడు.